సింగారి మేక, బంగారు ఉగ్గుగిన్నె

పేరు చెప్పినా మీకు తెలియని ఒకానొక రాజ్యంలో, పేరు పూర్తిగా చెప్పాలంటే ఒక పూట పట్టే రాజు ఉండేవాడు. వందిమాగధులు గండరగండ, శత్రుగజకంఠీరవ అంటూ అందుకుని, మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగి, చివరికెప్పుడో 'నరసింగ భూపతి' అని ముగించేవారు. నాకంత ఓపిక లేదు. నరసింగ భూపతి అని ఊరుకుందాం.

మనిషి చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననొద్దు. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, ఒకరి సొమ్ముకు ఆశపడేవాడు కాదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. లోకంలో ఏది జరిగినా తన ఆజ్ఞ వల్లే జరుగుతుందని నమ్మేవాడు. ఒక ఏడు వానలు వెనకబడితే మేడ ఎక్కి, తలమీద ఉన్న మబ్బును చూసి "కురువు!" అని ఆజ్ఞాపించాడు. నాలుగో రోజున వాన పడింది. ఇంకేముంది, ఆ మబ్బుకు 'జలదరాయ' అని బిరుదిచ్చాడు. బిరుదు పుచ్చుకోవడానికి మబ్బు మళ్లీ రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ కొలువులో అడపం పట్టే ఓబళయ్య అని ఒకడున్నాడు. అడపమంటే తమలపాకులు, వక్కలు, సున్నం సర్దుకునే పెట్టె. రాజు ఎడమ భుజం వెనక నిలబడడం, రాజు చెయ్యి చాపినప్పుడు ఆకు చిలక చుట్టి అందించడం, ఇదీ అతని ఉద్యోగం. ఆ నగరులో, అదే రాజుగారి కోటలో, రాజు ఎదుట ఎవరూ కూర్చోకూడదు, రాజుకు వీపు చూపకూడదు. అందుకని ఓబళయ్య పన్నెండేళ్లుగా నిలబడే ఉన్నాడు. నిలబడి నిలబడి అతనికి మోకాళ్లు అరిగాయి గానీ బుర్ర మాత్రం బాగా పదునెక్కింది.

రాజుకు లేకలేక ఒక కొడుకు పుట్టాడు. బిడ్డకు నాలుగో నెలలో రాణికి విషజ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ పాలు ఇంకిపోయాయి. ఆవుపాలు పడితే బిడ్డ కక్కేశాడు. పాలిచ్చే దాదిని పెడదామంటే, రాజు అడిగిన వంశావళి ఏ దాదికీ లేకపోయింది. చివరికి ఆస్థాన వైద్యుడు గరుడాచార్యులు కళ్లు మూసుకుని ఒక శ్లోకం చదివి, "మేకపాలు తేలిక ప్రభూ, అవి పట్టించండి" అన్నాడు. ఆ మాట వరకు ఆయన సరిగ్గానే చెప్పాడు.

"అయితే రాజ్యంలోకెల్లా మేలైన మేకను తెండి" అన్నాడు రాజు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆ మేక పాలు వచ్చేదాకా మరే పాలూ మా కుమారుడి పెదవికి తగలరాదు. ఇది మా ఆజ్ఞ" అని కూడా అన్నాడు. అప్పటిదాకా బిడ్డకు గంజితేట పోశారు.

మేలైన మేక కానుగమిట్ట అనే పల్లెలో దొరికింది. దాని పేరు సింగారి. నల్లటి ఒళ్లు, తెల్లటి చెవులు, పూటకు మానికెడు పాలు. దాన్ని సాకింది బయ్యమ్మ. మగడు పోయాక ఇరవై మేకల మందే ఆమెకు ఇల్లూ వాకిలీ, చుట్టమూ పక్కమూ. అమ్మడానికి ఆమెకు మనసు రాలేదు. పసిబిడ్డకని చెప్తే కాదనలేకపోయింది.

"అయ్యా, ఒక్క మాట" అంది, మేకను తోలుకుపోవడానికి వచ్చిన నగరు అధికారితో. "కొత్త చోట మేక బెంగ పెట్టుకుంటాది. నాలుగు దినాలు నేనూ వస్తా. పిల్లను కూడా తోలుకపోండి, పిల్ల కనబడితేనే ఇది చేపుతాది. మేత ఒక్కసారి మార్చొద్దండి. తుమ్మకాయలు, రేగాకు దీనికి అలవాటు. మీ మేత కొంచెం కొంచెంగా కలపండి. ఈ పాత పలుపు మెడకు అట్లనే ఉండనీండి, దీనికి ఇంటి వాసన ఉంటాది."

పొదుగులోకి పాలు దిగడాన్ని పల్లెల్లో చేపడం అంటారు. అది అధికారికి తెలియదు. అయినా మనిషిని పంపి రాజును అడిగించాడు. రాజు మేకపిల్ల సంగతి విని మీసం మీద చెయ్యి వేశాడు.

"యువరాజు పాలలో భాగానికి వచ్చేవాడెవడైనా దాయాది కింద లెక్క. దాయాదిని నగరులోకి రానిస్తామా?"

నెలన్నర వయసున్న ఆ దాయాది అప్పుడు బయ్యమ్మ కొంగు నములుతున్నాడు. వాణ్ని అక్కడే వదిలేశారు. "రాజుగారు కొన్నది మేకను, నిన్ను కాదు" అని బయ్యమ్మనూ వదిలేశారు. కోట వాకిట్లోకి రాగానే ఆ పాత పలుపు విప్పి పారేసి, సింగారి మెడకు వెండి గొలుసు వేశారు.

ఇక చూడండి మర్యాదలు! మేకకు చందనం పూశారు. సాంబ్రాణి పొగ వేశారు. నున్నటి నాపరాళ్ల మీద పట్టుగుడ్డ పరిచి నిలబెడితే, పాపం, దాని గిట్టలు జారిపోయాయి. నేతిలో వేయించిన శనగలు, బెల్లం కలిపిన అన్నం బంగారు పళ్లెంలో పెట్టారు. రేగాకు ముళ్ల మధ్య పెరిగిన జీవికి శనగలు దొరికితే ఊరుకుంటుందా, కడుపు పగిలేలా తినేసింది.

సాయంత్రం ముహూర్తం పెట్టి, నిండు కొలువులో పాలు పితకడానికి ఏర్పాటు చేశారు. నలభైమంది సభికులు, నగారా, సన్నాయి. పాలు పట్టడానికి గరుడాచార్యులు బంగారు ఉగ్గుగిన్నె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పాలు పితకవలసిన గోశాల మనిషికి వచ్చింది తంటా. రాజు ఎదుట కూర్చోకూడదు, రాజుకు వీపు చూపకూడదు. అతను నడుం వంచి, మెడ రాజు వైపు తిప్పి, చేతులు మేక కిందకు చాపి, కనబడని పొదుగు కోసం తడుముకున్నాడు. అప్పుడే నగారా ధణధణమని మోగింది.

సింగారి ఎగిరి తన్నింది. గిన్నెలో గిద్దెడు పాలు పడ్డాయి. అవీ ఒలికిపోయాయి.

రెండో రోజు చుక్క పడలేదు. మేక ఎడమ డొక్క ఉబ్బింది, తడితే డప్పు చప్పుడు వచ్చింది. నెమరు వేయడం మానేసింది. గుండ్రంగా పడవలసిన పెంటికలు నీళ్లలా పారాయి. గరుడాచార్యులు మేక ముందుకాలు పట్టుకుని చాలాసేపు నాడి చూసి, "దిష్టి" అన్నాడు. మందు కింద ఇంకో పళ్లెం శనగలు, ఇంకాస్త నెయ్యి పెట్టించాడు. మూడో రోజుకు పొదుగు ఒకపక్క రాయిలా గట్టిపడి కాలిపోతోంది. చెయ్యి తగిలితే చాలు, సింగారి అరుస్తోంది.

అంతఃపురంలో బిడ్డ కూడా అరుస్తున్నాడు. గంజితేటతో ఎన్నాళ్లు!

ఆడలేక మద్దెల ఓడన్నారట. రాజు కోపం బయ్యమ్మ మీదికి తిరిగింది. ఆమెను, ఆమె మందను కోట దగ్గరికి తోలించాడు. మందను వాకిలి బయట ఆపి, బయ్యమ్మను కొలువులో నిలబెట్టారు.

"మాకు జబ్బు మేకను అంటగడతావా?" అని గర్జించాడు రాజు.

బయ్యమ్మ భయపడింది. అయినా అబద్ధమాడలేకపోయింది. "సామీ, నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ అది బాగుండె. ఈడికొచ్చినాకే చెడిపాయ."

రాజు ఇంట్లో చెడడమా! ఎంత మాట! రాజు లేచి నిలబడ్డాడు.

"రేపు పగటి ముహూర్తానికి ఆ మేక పాలివ్వాలి. ఇవ్వకపోతే నీ మంద అంతా జప్తు. నువ్వు మా పొలిమేర దాటి పోవాలి."

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. దెబ్బలకు లేదు నాయనా, పాలకే కొదవ. అది చెప్పే మొనగాడెవరు? మంత్రులు తలలు వంచుకున్నారు. ఓబళయ్య ఆకు చిలక చుట్టి రాజు చేతిలో పెట్టాడు.

కొలువు ముగిశాక మాత్రం తిన్నగా మేకను కట్టేసిన చోటికి వెళ్లాడు. బయ్యమ్మ సింగారి మెడ పట్టుకుని కూర్చుని ఉంది. కన్నీళ్లు ఆగడం లేదు.

"బయ్యక్కా, ఇది బాగుపడుతుందా?"

"ఎందుకు పడదప్పా! ఈ శనగలు మాన్పిస్తే, రెండు దినాలు ఎండుగడ్డి, ఆముదంలో వాము కలిపి ఇంత పోస్తే పొట్ట దిగుతాది. పొదుగుకు ఉడుకు గుడ్డ కాపడం పెట్టి, చెడ్డ పాలు పిండి పారబోయాల. పిల్లను చూపించాల. అయిదు దినాల్లో నిలబడతాది."

"ఆ మాట కొలువులో చెప్పకపోయావా?"

"ఒక్క మాట చెప్పినందుకే మంద పాయె. ఇన్ని చెప్తే తల పోతాది."

సరిగ్గా అప్పుడే అంతఃపురం కిటికీలోంచి బిడ్డ ఏడుపు వినిపించింది. నిన్నటి గొంతు కాదది. సన్నబడిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేని ఏడుపు. ఓబళయ్య నలుగురు పిల్లల తండ్రి, ఆ తేడా అతనికి తెలుసు. ఇంక లాభం లేదు, ఎవరూ చెప్పకూడని మాట రాజు నోటివెంటే రావాలి అనుకున్నాడు.

మర్నాడు ముహూర్తానికి కొలువు నిండింది. సింగారిని తెచ్చి నలుగురు పట్టుకుని నిలబెట్టారు. గరుడాచార్యులు ఉగ్గుగిన్నెతో సిద్ధంగా ఉన్నాడు. బయ్యమ్మ ఒక స్తంభం పక్కన చేతులు జోడించుకుని నిలబడింది. అప్పుడు ఓబళయ్య అడపం కింద పెట్టి, రాజు ముందుకొచ్చి వంగి దండం పెట్టాడు.

"ప్రభూ, ఈ మేకకు పొగరు కాదు. చదువు లేదు, అంతే."

"ఏం చదువయ్యా?"

"తమ రాజ్యంలో ఏదైనా సరే ఆజ్ఞ అయితే వెంటనే జరగాలి. ఇది పల్లెటూరి మేక. ఒంట్లోంచి ఒకటి ఇవ్వమని ఆజ్ఞ అయితే ఒళ్లు ఎలా వినాలో ఇది ఎన్నడూ చూడలేదు. మేకలకు ఒకటే అలవాటు ప్రభూ. ముందున్న మేక ఏం చేస్తే వెనక మేక అదే చేస్తుంది."

రాజు కనుబొమలు ముడిచాడు. "అంటే మేము మేక ముందు..."

"మందకు ముందు నడిచేదాన్నే కదా ప్రభూ, లోకమంతా పెద్ద అంటుంది! తమ శరీరం తమ ఆజ్ఞ ఎలా వింటుందో ఒక్కసారి దీని కళ్ల ముందు చూపించండి. చాలు, నేర్చుకుంటుంది."

రాజు మెత్తబడ్డాడు. "ఏం చూపించాలి?"

"తమరు పాలివ్వలేరు కనుక..." కొలువులో ఎవరో కిసుక్కుమని, మళ్లీ దగ్గులా మార్చేశారు. "రెండు చుక్కలు కన్నీళ్లు ఇప్పించండి. ఇందరి ముందు, ఇదే ముహూర్తానికి. ఏర్పాట్లు మాత్రం మేకకు చేసినట్టే ఉండాలి. లేకపోతే అది వంక పెడుతుంది."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు రాజు. "మబ్బులే మా మాట విన్నాయి. మా కళ్లు వినవా?"

సింహాసనం దిగి, సింగారి ఎదురుగా నాపరాళ్ల మీద వచ్చి నిలబడ్డాడు. మెడకు చందనం పూశారు. ముఖం చుట్టూ సాంబ్రాణి వేశారు. మేకను నలుగురు పట్టుకున్నారు కనుక, తప్పదని రాజు రెండు చేతులూ ఇద్దరు భటులు పట్టుకున్నారు. గరుడాచార్యులు బంగారు ఉగ్గుగిన్నె తెచ్చి రాజు కుడికంటి కింద ఆనించాడు. నగారా మోగింది.

"కారు!" అని ఆజ్ఞాపించాడు రాజు.

ఏమీ కారలేదు.

రాజు కళ్లు చికిలించాడు, పెద్దవి చేశాడు. ముఖం ఎర్రబడింది. సాంబ్రాణి పొగకు తుమ్ము వచ్చింది గానీ కన్నీరు రాలేదు. ఓబళయ్య పక్కన నిలబడి ఎంతో భక్తిగా, "కానీయండి ప్రభూ, ముహూర్తం మించిపోతోంది. కానీయండి" అంటున్నాడు. గరుడాచార్యులు గిన్నెతో చెంప మీద చిన్నగా తట్టాడు, చేపుతుందేమోనని. నలభైమంది మెడలు చాచి కంటి కొసనే చూస్తున్నారు. నగారా ఆగదు. ఎవరో ఉల్లిపాయ తెస్తామన్నారు.

"ఉల్లిపాయ వద్దు" అన్నాడు ఓబళయ్య. "గుచ్చి తీసేది ఇచ్చినట్టు కాదు. ప్రభువుల ఆజ్ఞ ఉంది, చాలు. ఇంకాస్త గట్టిగా వాయించండర్రా!"

రాజుకు ఒళ్లు మండిపోయింది. భటుల చేతులు విదిలించుకుని, గిన్నె ఒక్క తోపు తోసి అరిచాడు:

"ఆపండి! నలభైమంది గుడ్లప్పగించి చూస్తుంటే, చెవిలో నగారా మోగుతుంటే, మనిషిని ఇలా పట్టుకుని 'కార్చు, కార్చు' అంటే ఎలా వస్తాయయ్యా? ఎవడికైనా వస్తాయా?"

నగారా ఆగిపోయింది.

ఓబళయ్య రాజు వైపు చూడలేదు. సింగారి వైపు తిరిగి, చేతులు జోడించి అన్నాడు:

"విన్నావా సింగారమ్మా? ప్రభువులు నీ తరఫున తీర్పు చెప్పేశారు."

ఇప్పుడు రాజు ఏం చెయ్యాలి? తిడితే తన తీర్పును తనే తిట్టుకున్నట్టు. మింగలేడు, కక్కలేడు. ఓబళయ్య తల వంచుకుని నిలబడ్డాడు. పైకి ధైర్యంగానే ఉన్నాడు గానీ, వీపంతా చెమటతో తడిసిపోయింది.

అప్పుడు తెర వెనకనుంచి రాణి గొంతు వినిపించింది. ఆమె కొలువులో మాట్లాడడం అదే మొదటిసారి.

"జ్వరం తగ్గాక నాకూ కొంచెం పాలు పడ్డాయి. తమరు ముహూర్తం పెట్టించారు. నలుగురు మనుషులను మంచం చుట్టూ నిలబెట్టి, ఎంత వచ్చాయో చూసి చెప్పమన్నారు. ఆ రోజుతో అవి పోయాయి. మీరేమనుకుంటారోనని చెప్పలేదు."

రాజు మెడ మీద చందనం ఎండి పెచ్చులు కడుతోంది, తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. నాపరాళ్ల మీద సింగారి వణుకుతూ నిలబడి ఉంది. దాన్ని రాజు నాలుగు రోజులుగా చూస్తూనే ఉన్నాడు గానీ, అది వణుకుతోందని అప్పుడే కనిపించింది.

"బయ్యమ్మా" అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "మా ఇంట్లో ఏం తప్పు జరిగిందో చెప్పు. ఏమీ అనను."

బయ్యమ్మ చెప్పింది. ఒకసారి మొదలుపెట్టాక ఆమెకు భయం కూడా పోయింది. శనగల దగ్గర మొదలుపెట్టి సాంబ్రాణి దాకా వరసపెట్టి కడిగేసింది. చివర్న అంది: "సామీ, ఆజ్ఞ నాకు చెప్తే నేను వింటా. ఈ అధికారికి చెప్తే ఆయన వింటాడు. పొదుగుకు యాడ వినబడతాది? దానికి తెలిసిందల్లా దాని పిల్ల ఒక్కటే."

"మరి మా బిడ్డ? ఆకలికి..."

"నా మంద మీ వాకిట్లోనే ఉంది కద సామీ! జప్తుకని మీరే తోలిస్తిరి. అందులో ముసలిది గౌరి ఉంది. పాలు తక్కువే గానీ మంచివి. ఇప్పుడే పిండి, కాచి, చల్లార్చి పట్టండి."

రాజు తన ఆజ్ఞ తానే ఎత్తేశాడు. ఆ పూట బిడ్డ కడుపునిండా తాగి, చాలా రోజుల తర్వాత పగలు నిద్రపోయాడు.

సింగారిని కోట వెనక మట్టినేల ఉన్న కొట్టంలోకి మార్చారు. చందనం కడిగేసి, వెండి గొలుసు తీసేసి, పారేసిన పాత పలుపు వెతికి తెచ్చి కట్టారు. దాయాదిని లోపలికి రానిచ్చారు. వాడు రావడం రావడమే తల్లి పొట్టలో తల దూర్చాడు. సింగారి వాణ్ని మూతి నుంచి తోక దాకా వాసన చూసి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి నెమ్మదిగా, గొంతులోనే ఒక కూత కూసింది.

బయ్యమ్మ ఆముదం, వాము పోసింది. డొక్క నిమిరి నాలుగడుగులు నడిపించింది. పొదుగుకు పూటకు మూడుసార్లు కాపడం పెట్టి, జబ్బు పక్క పాలు గడ్డలుగడ్డలుగా వస్తుంటే పిండి దూరంగా పారబోసింది. "ఈ పాలు బాగయ్యేదాకా బిడ్డకూ వద్దు, మేకపిల్లకూ వద్దు" అని గట్టిగా చెప్పింది. గరుడాచార్యులు మొదటి రోజు దూరంగా నిలబడి చూశాడు. రెండో రోజు రేగుకొమ్మలు తనే విరిచి తెచ్చాడు. "మనుషులకు మీరు, మేకలకు నేను అయ్యగారూ" అంది బయ్యమ్మ నవ్వుతూ. ఆయనా నవ్వేశాడు. చెడ్డవాడు కాదు పాపం, తెలియదనడానికి నోరు రాని మనిషి.

అయిదో రోజు పొద్దున్నే రాజు కొట్టానికి వచ్చాడు. నగారా లేదు, వందిమాగధులు లేరు. కిరీటం కూడా లేదు. వెనక బిడ్డను ఎత్తుకుని రాణి, ఆమె వెనక ఓబళయ్య.

బయ్యమ్మ చిన్న పీట మీద కూర్చుని, సింగారి పక్కకు చేరింది. తలెత్తకుండానే అంది: "సామీ, అట్ల నిలబడితే అది బెదురుతాది. కూర్చో."

ఆ మాటకు ఓబళయ్య కళ్లు మూసుకున్నాడు. రాజు చుట్టూ చూశాడు. సింహాసనం లేదు, తివాచీ లేదు. పంచె సర్దుకుని గడ్డి మీద కూర్చున్నాడు. రాణి పక్కనే కూర్చుని బిడ్డను ఆయన ఒడిలో పెట్టింది. పుట్టి ఇన్ని నెలలైనా రాజు ఆ బిడ్డను ఎత్తుకోలేదు. నగలు గుచ్చుకుంటాయని, మర్యాద కాదని ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డొచ్చేది.

పిల్లను తల్లి ముందు కట్టారు. సింగారి దాని తల నాకుతోంది. బయ్యమ్మ ముందుగా నాలుగు ధారలు నేలమీదికి వదిలి, వేలితో తాకి చూసింది. తర్వాత చెంబు పెట్టింది. సుయ్, సుయ్‌మని నురుగుతో పాలు దిగాయి. సగం చెంబు నిండగానే "ఇంక దాయాది భాగం" అని మేకపిల్లను విప్పింది.

పాలు కాచి, చల్లార్చి ఉగ్గుగిన్నెలో పోసి తెచ్చారు. రాణి గిన్నె మూతి బిడ్డ పెదవికి ఆనించింది. బిడ్డ గుటకలు వేశాడు. ఒక చెయ్యి చాపి రాజు మీసం పట్టుకున్నాడు, గట్టిగా, వదలకుండా. పట్టుకునే తాగుతున్నాడు. కొట్టంలో ఆ గుటకల చప్పుడు, మేకపిల్ల గుటకల చప్పుడు, రెండే వినబడుతున్నాయి.

రాజు కంట్లోంచి నీళ్లు జారాయి. ఒక చుక్క మీసం మీదుగా బిడ్డ పిడికిలి మీద పడింది. రెండోది గడ్డిలో పడింది. ఆయనకు తెలియను కూడా తెలియలేదు.

ఓబళయ్య వెనకనుంచి వంగి, మెల్లగా, చెవి దగ్గర అన్నాడు:

"ప్రభూ, గిన్నె పట్టమంటారా?"

రాజు ఉలిక్కిపడి చెంప తడుముకున్నాడు. తడి చూసుకున్నాడు. ఒక్కసారి పకపకా నవ్వాడు. ఎంత నవ్వాడంటే బిడ్డ తాగడం ఆపి తండ్రి ముఖంలోకి చూశాడు. రాణీ నవ్వింది. కంట్లో నీళ్లతోనే రాజు, "ఒరే ఓబళయ్యా, బతికిపోయావురా! నాపరాళ్ల మీద నిలబెట్టిన నాడు నీ తల తీయించేవాణ్నే!" అన్నాడు.

"తీయిస్తే ఆకు ఎవరు చుడతారు ప్రభూ?"

ఆ మధ్యాహ్నమే బయ్యమ్మ మందను ఆమెకిచ్చి, కానుగమిట్ట చుట్టూ ఉన్న బీడంతా మేతకు వదిలారు. ఆమె కోరినన్నాళ్లు నగరులో ఉండి, కోరినప్పుడు ఇంటికి పోవచ్చన్నారు. ఇకమీదట నగరుకు ఏ జీవం వచ్చినా దాని పిల్లతో, దాన్ని సాకిన మనిషితో కలిసే రావాలని శాసనం వేయించారు. ఓబళయ్యను ఏం కావాలో కోరుకోమన్నారు. మాన్యాలు అడుగుతాడనుకున్నారంతా.

"బయ్యక్క కూర్చున్నటువంటి పీట ఒకటి, ప్రభూ" అన్నాడు ఓబళయ్య. "పన్నెండేళ్లయింది."

పీటతో పాటు ఒక ఊరు కూడా ఇచ్చాడు రాజు. ఊరు సంగతి ఎలా ఉన్నా పీట మాత్రం కొలువులోనే ఉండిపోయింది. మొరపెట్టుకోవడానికి వచ్చిన ముసలీముతకా దాని మీద కూర్చుని మాట్లాడేవాళ్లు. కూర్చుంటే మాట సరిగ్గా వస్తుందని రాజుకు అప్పటికి తెలిసింది.

ఆ ఏడు మళ్లీ వానలు వెనకబడ్డాయి. మంత్రులూ సభికులూ రాజును వెంటబెట్టుకుని మేడ ఎక్కి, "ప్రభూ, అడుగో జలదరాయడు వచ్చాడు, ఆజ్ఞ ఇప్పించండి" అన్నారు. రాజు తలెత్తి మబ్బును చూశాడు, దించి మంత్రులను చూశాడు.

"నలభైమంది గుడ్లప్పగించి చూస్తుంటే అదెలా కురుస్తుందయ్యా? పదండి, పదండి లోపలికి" అని అందరినీ మెట్ల మీదుగా కిందికి తోలేశాడు.

వాన ఎప్పుడు పడిందంటారా? దానికి పడాలనిపించినప్పుడు పడింది.